నీళ్లు ఎటు పోతున్నట్టు?



తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో పాత బండ్లు ఇంకా బాగానే తిరుగుతున్నాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. మారుతి 800 కూడా అదే ఏడాది ఆగింది. అయినా ఈ రెండూ మన వీధుల్లో కనిపిస్తూనే ఉన్నాయి. 15 ఏళ్లు నిండిన సొంత బండికి ఫిట్‌నెస్ చేయించి, రిజిస్ట్రేషన్ మరో 5 ఏళ్లు పొడిగించుకుని వాడుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. రొయ్యల చెరువులకు మేత మోసే డీజిల్ జీపులు, ధాన్యం బస్తాలు మోసే పాత 407 లారీలు సరేసరి. వేసవి ముదిరేసరికి వీటి యజమానుల నోట ఒకటే మాట: "బండి నీళ్లు తాగుతోందండీ."

పొద్దున రేడియేటర్ నిండా పోసిన నీళ్లు సాయంత్రానికి తగ్గుతాయి. ఎక్కడ కారుతోందో కనపడదు. సీటు కింద నీళ్ల సీసా పెట్టుకుని, ఆగిన చోటల్లా కాసిని పోసుకుంటూ తిరగడం అలవాటైపోతుంది. ఇంజన్ చెడేది అసలు ఆ అలవాటు వల్లే. ఎంత పోతోందో, ఎటు పోతోందో తెలియకుండా పోస్తూ పోతే ఒకనాడు సీసా నిండుకున్న చోటే ఇంజన్ పట్టేస్తుంది.

విప్పి బాగుచేయడం మెకానిక్ పని. లీకు కనిపెట్టడంలో సగం పని మాత్రం యజమానే చేయగలడు. బండి రాత్రంతా చల్లారి ఉన్నప్పుడు తెల్లవారి దాని పక్కన ఉండేది ఆయనే కదా. షెడ్డుకు తీసుకెళ్లేసరికి ఇంజన్ వేడెక్కి, తడి ఆరిపోయి, ఆనవాలు మాయమవుతుంది.

ముందు మూత సంగతి. రేడియేటర్ మూత ఊరికే నీళ్లు ఒలక్కుండా పెట్టింది కాదు. దాని అడుగున స్ప్రింగు, రబ్బరు వాషరు ఉంటాయి. మూత నెత్తి మీద 0.9 అనో 13 అనో అంకె ఉంటుంది. లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే అంత ఎక్కువయ్యేదాకా ఆ స్ప్రింగు లేవదు. 0.9 అంటే 0.9 బార్, 13 అంటే చదరపు అంగుళానికి 13 పౌన్లు. రెండూ దాదాపు ఒకటే. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లు 100 డిగ్రీలకు మరగవు, 118 దాకా తట్టుకుంటాయి. వాషరు ఎండి చిట్లిందంటే ఆ ఒత్తిడి నిలవదు. ఇంజన్‌లో ఏ లోపమూ లేకపోయినా నీళ్లు మరిగి పక్క గొట్టంలోంచి పోతాయి. అందుకే నేను ఎవరికైనా ముందు మూత తీసి చూడమంటాను. బండి మొత్తంలో అంత చవకగా మారే భాగాలు ఎన్నో లేవు. అయితే ఒక హెచ్చరిక. 7 పౌన్ల మూతతో వచ్చిన పాతకాలపు కారుకు "ఇంకా గట్టిది" అని 13 పౌన్ల మూత బిగించకండి. మూత ఆగుతుంది గానీ రేడియేటర్ అతుకులు ఊడతాయి.

అదే మూతలో నడిమధ్య ఇంకో చిన్న కవాటం ఉంటుంది. ఇంజన్ చల్లారేటప్పుడు రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ సీసాలోంచి నీళ్లు వెనక్కి పీల్చుకోనిచ్చేది అదే. అది బిగుసుకుపోతే పై హోస్ పైపు చొట్టపడినట్టు లోపలికి నొక్కుకుపోతుంది. పొద్దున్నే బానెట్ ఎత్తగానే పైపు అలా కనిపించిందంటే పైపు మార్చక్కర్లేదు, మూత మార్చండి.

రెండో సంగతి, అసలు అది లీకేనా? నీళ్లు వేడికి పెరుగుతాయి. 25 డిగ్రీల నీళ్లు 90కి చేరితే నూటికి మూడు, మూడున్నర వంతులు పెరుగుతాయి. 8 లీటర్లు పట్టే ఇంజన్‌లో అది పావు లీటరు పైమాటే. పక్కన ప్లాస్టిక్ సీసా ఉన్న బండ్లలో ఆ పావు లీటరు సీసాలోకి వెళ్లి, చల్లారాక వెనక్కి వస్తుంది. సీసా లేని పాత అంబాసిడర్లో అది రోడ్డు మీద పడుతుంది. మీరు రోజూ గొంతు దాకా నింపుతారు, అది రోజూ ఆ పావు లీటరు కక్కుతుంది, మీరు లీకనుకుంటారు. లోపలి ట్యూబులు మునిగి, పైన ఒక అంగుళం ఖాళీ ఉంటే అలాగే వదిలేయండి. వారం రోజులు ఆ మట్టం దిగకుండా ఉంటే బండికి ఏ జబ్బూ లేదు. ఏసీ ఉన్న కార్ల కింద పడే చల్లటి, వాసన లేని నీళ్లూ లీకు కాదు. కూలెంట్ అయితే వేళ్ల మధ్య జారుతుంది, రంగు ఉంటుంది, కొంచెం తియ్యటి వాసన వేస్తుంది.

నిజంగానే తగ్గుతోందని తేలితే ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. ఎన్ని కిలోమీటర్లకు ఎన్ని గ్లాసులు పోశారో రాయండి. బండి కదలకుండా ఉన్న రోజు కూడా మట్టం చూడండి. నిలబెట్టినా తగ్గుతోందంటే మామూలుగా బయటి లీకే. నడిపినప్పుడే తగ్గుతోందంటే ఒత్తిడికి తెరుచుకునే సన్నటి రంధ్రమో, ఇంజన్ లోపలి లీకో అనుకోవాలి. మెకానిక్ దగ్గరికి ఈ లెక్క పట్టుకెళ్తే ఆయనకు ఎంతో వెతుకులాట తప్పుతుంది.

ఇక మన ప్రాంతానికే ప్రత్యేకమైన విషయం ఒకటుంది. డెల్టా చివరి భూములు మనవి. కాలువలు పారినన్నాళ్లూ ఫర్వాలేదు. వేసవిలో కాలువలు కట్టేశాక చాలామంది డ్రైవర్లు చేతికందిన బోరు నీళ్లే రేడియేటర్లో పోస్తారు. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ, నిజాంపట్నం వైపు, సూర్యలంక వైపు, బోరు నీళ్లు ఉప్పగా తగులుతాయి. మనం నోట పోసుకోలేని నీళ్లు ఇంజన్‌కు పోస్తున్నాం! ఉప్పులోని క్లోరైడ్లు అల్యూమినియం హెడ్డును గుంటలు గుంటలుగా తినేస్తాయి, ఇనుప బ్లాకును తుప్పు పట్టిస్తాయి. నీళ్లలోని సున్నం అన్నిటికంటే వేడిగా ఉండే చోట, అంటే సిలిండర్ చుట్టూ, పొరలుగా పేరుకుని వేడిని నీళ్లకు చేరనివ్వదు. కాలువ నీళ్లలో ఉప్పు లేకపోయినా బురద ఉంటుంది. అది రేడియేటర్ సన్నటి ట్యూబుల అడుగున చేరుతుంది.

"ఇక్కడ మంచు కురుస్తుందా ఏంటండీ, కూలెంట్ దేనికి?" అని అడిగేవాళ్లున్నారు. చలిదేశాల్లో అది నీళ్లు గడ్డకట్టకుండా పోస్తారన్నది నిజమే. మనకు మాత్రం అది చేసే ఉపకారం తుప్పు పట్టకుండా ఆపడం, నీళ్లు మరిగే వేడిని పెంచడం. డబ్బా మీద ఐఎస్ 5759 అనో, జిస్ కె 2234 అనో ప్రమాణం రాసి ఉందో లేదో చూసుకోండి. పచ్చ రంగు ఉంటే చాలదు. కలపాల్సిన రకమైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. ఆ వేళకు దొరక్కపోతే ఆర్ఓ ప్లాంటు క్యాను నీళ్లు బోరు నీళ్ల కన్నా చాలా నయం.

ఆ ఉప్పు నీళ్లు మనకు చేసే మేలు కూడా ఒకటుంది. అవి కారిన చోట నీరు ఆరిపోయినా ఉప్పు ఆరదు. తెల్లటి చార మిగులుతుంది. కూలెంట్ అయితే పచ్చగానో గులాబీగానో పొట్టు కట్టినట్టు మిగులుతుంది. వెతకాల్సింది తడి కోసమే కాదు, ఆ చార కోసం కూడా.

వెతికే పద్ధతి ఇది. రాత్రి బండి పెట్టేటప్పుడు ఇంజన్ కింద పాత పేపర్లు పరవండి. పొద్దున్నే మరక ఎక్కడ పడిందో చూసి, దానికి నిట్టనిలువుగా పైకి చూసుకుంటూ వెళ్లండి. నీరు కిందికే జారుతుంది కాబట్టి అన్నిటికంటే పైనున్న తడి దగ్గరే లీకు ఉంటుంది. నడిచే బండిలో ఫ్యాన్ గాలికి చుక్కలు వెనక్కి ఎగురుతాయి. గేర్ బాక్సు దగ్గర తడి కనిపించిందని అక్కడే వెతుకుతూ కూర్చోకండి, ముందు వైపు కూడా చూడండి.

హోస్ పైపులు చేత్తో నొక్కి చూడండి. మెత్తగా ఉబ్బినా, గట్టిపడి పగుళ్లు కనిపించినా పనికిరావు. క్లిప్పుల దగ్గర లీకుది ఒక విచిత్రం. చల్లగా ఉన్నప్పుడు కారుతుంది, వేడికి బిగుసుకుని ఆగిపోతుంది. షెడ్డుకెళ్తే "ఎక్కడండీ, ఏం లేదే" అంటారు. అలాంటప్పుడు మీ పేపరు మరకే మీ మాటకు బలం.

వాటర్ పంపు, మనవాళ్లు వాటర్ బాడీ అంటారు, దాని షాఫ్టు కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి సీలు అరిగితే నీళ్లు బేరింగులోకి పోకుండా బయటికి రావాలనే ఆ రంధ్రం పెట్టారు. అక్కడ చుక్క కనిపిస్తే పంపు మార్చే వేళ వచ్చిందని అర్థం. దాన్ని ఎం-సీల్‌తో మూసేసేవాళ్లు కూడా ఉన్నారు. అలా మూస్తే లీకు ఆగినట్టే కనిపిస్తుంది, నీళ్లు బేరింగులో పడి అది కూత మొదలెడుతుంది, చివరికి ఫ్యాన్ ఊగి రేడియేటర్నే కోసేస్తుంది. ఫ్యాన్‌ను పంపు షాఫ్టుకే బిగించిన బండ్లలో, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ఫ్యాన్ రెక్క పట్టుకుని ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. ఊగుతోందంటే పంపు పనైపోయినట్టే.

రేడియేటర్ లీకయితే పట్టుకోవడం తేలిక. విప్పి, నోళ్లన్నీ మూసి, తొట్టిలో ముంచి గాలి ఎక్కిస్తారు. సైకిల్ ట్యూబుకు పంచర్ పట్టినట్టే, బుడగలు ఎక్కడ లేస్తే అక్కడే రంధ్రం. పాత రాగి, ఇత్తడి రేడియేటర్లకు టంకం పడుతుంది. ప్లాస్టిక్ ట్యాంకు బిగించిన అల్యూమినియం వాటికి పడదు. అతుకు దగ్గర ప్లాస్టిక్ పగిలితే కొత్తది వేయించుకోవడమే మంచిది.

ఇవేవీ కావనుకోండి. అప్పుడే చాలా షెడ్లలో తొందరపాటు మొదలవుతుంది. రేపల్లె వైపు ఒక రొయ్యల రైతు పాత డీజిల్ జీపు సంగతి చెబుతాను. ఇంటి దగ్గర చుక్క కారదు. తెనాలి వెళ్లొస్తే లీటరు పోయాలి. చూసిన మెకానిక్ కుర్రాడు ఒక్క మాటలో తేల్చేశాడు: "గ్యాస్కెట్టే బాబాయ్, హెడ్డు దించాల్సిందే." హెడ్డు దించడమంటే మాటలా? గ్యాస్కెట్, ఫేసింగ్, లేత్ షాపు, కూలీ, పైగా రొయ్యలు పట్టుబడికొచ్చే రోజుల్లో బండి షెడ్డులో పడి ఉండటం. కానీ ఆ బండిలో హెడ్డుకూ బ్లాకుకూ నడుమ ఉండే ఆ గ్యాస్కెట్ పోయిన లక్షణం ఒక్కటీ లేదు. డిప్ స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంది. సైలెన్సర్లోంచి తెల్ల పొగ లేదు. మూత తీసి స్టార్టు చేస్తే రేడియేటర్లో బుడగ లేవలేదు.

చల్లటి ఇంజన్‌కు ప్రెషర్ టెస్టర్ తగిలించారు. రేడియేటర్ మూత స్థానంలో బిగించే చిన్న చేతి పంపు అది, పైన ముల్లు గడియారం ఉంటుంది. మూత మీదున్న అంకె దాకా గాలి కొట్టి వదిలేయాలి. పావుగంట దాకా ముల్లు కదలకపోతే బండి బాగున్నట్టు. ఇక్కడ ముల్లు నెమ్మదిగా దిగుతోంది, నేల మీద మాత్రం తడి లేదు. టార్చి వేసి, గెడ్డం గీసుకునే అద్దం ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ వెనక్కి పెట్టి చూస్తే దొరికింది. బ్లాకుకు బిగించిన రేకు బిళ్ల ఒకటి, కోర్ ప్లగ్ అంటారు, దాని నడుమ ఆవగింజంత తుప్పు మచ్చ. మచ్చ కింద రెండు అంగుళాల తెల్లటి ఉప్పు చార. చూస్తుండగానే మచ్చ మీద ఒక చుక్క ఊరింది. బండి నడిచేటప్పుడు ఒత్తిడికి అక్కడ చిమ్మిన నీళ్లు కాలే మ్యానిఫోల్డ్ మీద పడి ఆవిరైపోతున్నాయి. ఇంక నేల మీద మరక ఎక్కడిది? ఆ ప్లగ్గును లోపలి నుంచి తిన్నది బోరు నీళ్లు. ఒకటి పోయిందంటే మిగతావీ ఆ దారిలోనే ఉంటాయి కాబట్టి, మ్యానిఫోల్డ్ ఎలాగూ విప్పారని అన్నీ మార్చారు. ఇత్తడివి వేశారు. హెడ్డు ముట్టుకోనే లేదు.

మారుతి 800 లాంటి కార్లలో ఇంకో దొంగ దారి ఉంది, హీటర్. మన ఎండల్లో దాన్ని వాడిన పాపాన పోము. కానీ దాని పైపుల్లోనూ నీళ్లుంటాయి. ముందు సీట్లో కాళ్ల దగ్గర మ్యాటు తడిగా ఉన్నా, లోపలి అద్దం మీద జిడ్డుగా ఆవిరి పట్టినా, తియ్యటి వాసన వచ్చినా అటు చూడండి. ఆ రెండు పైపులనూ ఇంజన్ దగ్గరే కలిపేసి హీటర్‌ను పక్కన పెడతారు కొందరు. బాపట్లలో బతికే కారుకు అది చాలు, నాకేం అభ్యంతరం కనపడదు.

ఇక నిజంగానే లోపలి లీకు అయితే ఎలా తెలుస్తుంది? చల్లటి ఇంజన్ స్టార్టు చేసిన ఒకటి రెండు నిమిషాలకే, ఇంకా వేడెక్కకుండానే, పై పైపు గట్టిగా బిగుసుకుంటే అనుమానించండి. సిలిండర్లో మంట తాలూకు గ్యాసు నీళ్లలోకి దూరుతోందన్నమాట. పక్క సీసాలో బుడగలు ఆగకుండా వస్తాయి. వేడెక్కాక కూడా సైలెన్సర్ తెల్లటి, తియ్య వాసన పొగ వదులుతుంది. పెట్రోలు బండి అయితే స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి వరసగా పెట్టండి. నీళ్లు దూరుతున్న సిలిండర్‌ది మిగతా వాటి కంటే కడిగినట్టు తెల్లగా ఉంటుంది. ఆయిల్ చిలికిన మజ్జిగలా మారితే నీళ్లు ఆయిల్ ఛాంబర్లోకి దిగాయని అర్థం. అలాంటి ఆయిల్‌తో బండి ఒక్క కిలోమీటరు కూడా నడపకండి, బేరింగులు పోతాయి. తోయించుకునో, కట్టి లాగించుకునో తీసుకెళ్లండి. కొన్ని డీజిల్, ట్రాక్టర్ ఇంజన్లలో లైనర్ బయటి ముఖానికే నీళ్లు తగులుతాయి. వాటిలో లైనర్ అడుగు రబ్బరు రింగులు పోయినా ఇదే లక్షణం. అన్నిసార్లూ గ్యాస్కెట్టే కానక్కర్లేదు.

పక్కాగా తేల్చే పరీక్ష ఒకటుంది. నీలం రంగు ద్రవం ఉన్న గాజు గొట్టాన్ని రేడియేటర్ నోట పెట్టి, అక్కడి గాలిని ఆ ద్రవంలోంచి పీల్చుతారు. ఇంజన్‌లో కాలిన గ్యాసు అందులో ఉంటే నీలం పసుపుగా మారుతుంది. చిన్న షెడ్లలో ఇది ఉండకపోవచ్చు. హెడ్డు దింపుడు ఖర్చుతో పోల్చుకుంటే, ఈ పరికరం ఉన్న షెడ్డు దాకా వెళ్లడం దండగేమీ కాదు. హెడ్డు దించాక కూడా స్టీలు బద్ద, ఫీలర్ గేజీ పెట్టి వంపు కొలవమనండి. చాలా ఇంజన్లకు 0.05 మిల్లీమీటరు దాటితేనే ఫేసింగ్ కావాలి. కొలవకుండా గీయించడం హెడ్డు మందాన్ని ఊరికే పోగొట్టుకోవడం.

మన షెడ్లలో పాతుకుపోయిన రెండు వైద్యాల గురించి కూడా చెప్పాలి. ఒకటి, వేడెక్కిందనగానే థర్మోస్టాట్ పీకేయడం. అందులోని మైనం మామూలుగా 82 డిగ్రీల దగ్గర కరిగి కవాటాన్ని తెరుస్తుంది. ఆ అంకె దాని మీదే చెక్కి ఉంటుంది. అనుమానముంటే గిన్నెలో నీళ్లు పోసి, దారం కట్టి వేలాడదీసి, పొయ్యి మీద పెట్టి తెరుచుకుంటుందో లేదో చూడండి. పాడైతే కొత్తది వేయండి. తీసేస్తే ఇంజన్ ఎప్పుడూ తగినంత వేడెక్కక డీజిలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో నీళ్లు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగి మరింత వేడెక్కుతాయి కూడా.

రెండోది పసుపు. లారీ డ్రైవర్లు దారిలో రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు వేస్తారు. అది ఉబ్బి సన్నటి రంధ్రాన్ని మూస్తుంది, అబద్ధం కాదు. ఇల్లు చేరడానికి పనికొస్తుంది. కానీ రంధ్రాన్ని మూసిన పసుపు ట్యూబునూ మూస్తుంది. లీకు ఆపే పౌడర్లూ అంతే. వేస్తే వేశారు, మర్నాడే రేడియేటర్ కడిగించండి.

దారిలో ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత చేరితే బండి పక్కకు తీసి ఆపేయండి. ఎర్రగీతలో ఉన్న ముల్లు ఉన్నట్టుండి కిందికి పడితే చల్లబడిందని సంబరపడకండి. సెన్సర్ దగ్గర నీళ్లే లేకపోతే అది గాలి వేడిని చూపిస్తుంది. వేడి మీద మూత తీయొద్దు. లోపల 100 దాటిన నీళ్లు ఒత్తిడి వదలగానే ఆవిరై మొహానికి కొడతాయి. అరగంటకు తక్కువ కాకుండా ఆగి, పై పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాక, మందపాటి గుడ్డ వేసి మూతను కొంచెమే తిప్పి, బుస్సుమనడం ఆగాక తీయండి. కాలే ఇంజన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే బ్లాకు పగిలే ప్రమాదం ఉంది.

చివరిగా రెండు విన్నపాలు. హెడ్డు దించాలని ఎవరన్నా, "లీకు ఎక్కడో చూపించండి" అని అడిగాకే ఒప్పుకోండి. మంచి మెకానిక్ ఆ మాటకు నొచ్చుకోడు. రెండోది, దించిన పాత కూలెంట్‌ను తెనాలి కాలువల్లోనో పొలం బోదెల్లోనో పారబోయకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. కుక్కలు, దూడలు నాకుతాయి, పిల్లలు వేలు పెట్టి చూస్తారు. మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ పోగేసే షెడ్డులో ఇచ్చేయండి.